బార్డర్ ఆయన భార్య పీజీ చదువు

ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు బస్సులో గంట దాటుతుంది. ఎమ్మెస్సీ బోటనీ క్లాసులు మొదలైన రోజు కరుణ ఆ గంటసేపూ నిలబడే వెళ్లింది. శిరివెళ్లలో ఒక పెద్దమ్మ దిగుతూ తన సీటు చూపించినా కూర్చోలేదు. కూర్చుంటే గంజి పెట్టిన చీర నలుగుతుందని ఆమె భయం. నిలబడ్డందుకు నలుగురూ నాలుగు వైపుల నుంచీ నలిపారు. నంద్యాలలో దిగేసరికి ఆ చీర పిండి ఆరేయడం మరిచిపోయిన గుడ్డలా ఉంది.

ఆమెకు ఇరవై నాలుగేళ్లు. డిగ్రీ అయి మూడేళ్లు, పెళ్లయి రెండేళ్లు. భర్త రూబెన్ మిలిటరీలో వంటవాడు, రాజస్థాన్‌లో ఉంటాడు. ఈ రెండేళ్లలో అతని సెలవులన్నీ కలిపినా వాళ్లు ఒక ఇంట్లో ఉన్నది నాలుగు నెలలకు మించదు. మిగతా కాపురమంతా ఫోన్‌లోనే. అతను ఫోన్ చేసిన ప్రతిసారీ అడిగే మొదటి మాట, "ఏం చేస్తాండావ్?" ఆమె చెప్పే జవాబు, "ఏం లేదు." ఏడాదిన్నర ఆ జవాబే చెప్పి చెప్పి, ఒకరోజు ఆమెకే విసుగొచ్చి, "పీజీ ఎంట్రన్సుకు చదువుతాండా" అంది. అప్పటికి ఇంట్లో ఉన్న పుస్తకాలు బైబిలు, పాటల పుస్తకం, గ్యాస్ కంపెనీ ఇచ్చిన క్యాలెండరు. రూబెన్ ఆ మాటను నమ్మి వాళ్ల యూనిట్లో అందరికీ చెప్పేశాడు. పేరు తెలియని పంజాబీ వాళ్లూ, తమిళ వాళ్లూ ఫోన్‌లోకి తొంగి చూసి ఆల్ ది బెస్ట్ చెప్పాక ఇక చదవక తప్పలేదు. ఉన్నత విద్యలోకి కరుణ అడుగు పెట్టింది ఆ విధంగా.

క్లాసులో పదకొండు మంది. ఆమె గుమ్మంలోకి రాగానే పదకొండు మందీ లేచి నిలబడ్డారు.

"గుడ్ మార్నింగ్ మేడమ్."

నేనూ మీలాగే చేరడానికి వచ్చాను అని చెప్పాల్సింది. కానీ జీవితంలో మొదటిసారి తన కోసం పదకొండు మంది లేచి నిలబడేసరికి ఆమె చెయ్యి దానంతటదే పైకి లేచింది.

"కూర్చోండి" అంది.

కూర్చున్నారు. ఆ తర్వాత ఏం చేయాలో ఆమెకు తెలియలేదు. డస్టరు కనబడింది. బోర్డు తుడవడం మొదలుపెట్టింది. అసలు లెక్చరరు ప్రభుదాసు సార్ వచ్చేసరికి బోర్డు అద్దంలా ఉంది.

"ఎవరమ్మా నువ్వు?"

"స్టూడెంట్‌ను సార్."

"మరి అక్కడ ఏం చేస్తున్నావు?"

"బోర్డు తుడుస్తాండా సార్."

"మంచిది. ఆ మూల కూడా తుడిచేసి కూర్చో."

వెనక బెంచీలో ఒక అమ్మాయి తల బెంచీకి ఆనించి నవ్వుతోంది. ఆ అమ్మాయి పేరు ఉషశ్రీ. ఆళ్లగడ్డలో కిరాణా కొట్టు శేషాద్రి గారి కూతురు. సాయంత్రం ఇద్దరిదీ ఒకే బస్సు అని తేలింది. మర్నాటి నుంచి కరుణ చుడీదార్‌లో వెళ్లింది కానీ, క్లాసులో ఆమెకు 'మేడమక్క' అనే పేరు నిలిచిపోయింది.

చదువు ఆమె అనుకున్నట్టు లేదు. డిగ్రీలో చదివినదానిలో ఆమెకు గుర్తున్నది రికార్డు పుస్తకం అట్ట రంగు ఒక్కటే. క్లాసులో సార్ ఇంగ్లీషులో చెబుతుంటే ఆమె వేగంగా రాసుకునేది. ఇంటికి వచ్చి చూసుకుంటే తను రాసింది తనకే అర్థమయ్యేది కాదు. తెల్లవారుజామునే లేచి, నీళ్లు పట్టి, అన్నం వండి, కలుపు పనికి పోయే అత్త ఏసమ్మకు సద్ది కట్టి, తన డబ్బా తను సర్దుకుని బస్సెక్కేది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం కావడంతో బస్సులో కాలు పెట్టే చోటుండేది కాదు. కడ్డీ పట్టుకుని ఒంటి చేత్తో నోట్సు చదవడం మొదటి నెలలో ఆమె నేర్చుకున్న గొప్ప విద్య. నోట్సులో ఏముందో మాత్రం ఎక్కలేదు.

అబద్ధం మొదలైంది అసైన్‌మెంటు దగ్గర. రాయలేదని ప్రభుదాసు సార్ నిలబెట్టి అడిగితే, భయంలో నోటికొచ్చింది చెప్పింది.

"మా ఆయన బార్డర్‌లో ఉండాడు సార్. రెండు దినాలుగా ఫోన్ లేదు. మనసు మనసులో లేదు."

ఫోన్ లేని మాట నిజమే. రూబెన్ ఫోన్ చార్జింగ్ వైరు తెగింది. బార్డర్ మాట కూడా భూగోళం ప్రకారం పూర్తి అబద్ధమేమీ కాదు, రాజస్థాన్‌కు అవతల ఉన్నది పాకిస్తానే కదా అని తనకు తను సర్దిచెప్పుకుంది. రూబెన్ ఉండేచోటికి ఆ అవతల ఎన్ని వందల కిలోమీటర్ల దూరమో ఆమె ఎప్పుడూ చూడలేదు. చూడాలనీ అనుకోలేదు.

సార్ ముఖం మెత్తబడింది. "కూర్చో అమ్మా. తర్వాత ఇద్దువులే" అన్నాడు.

అంత సులువుగా పని జరుగుతుందని తెలిశాక ఆగడం కష్టం. సెమినారు వాయిదాకు బార్డర్. ఇంటర్నల్ పరీక్షకు ఆలస్యమైతే బార్డర్. ఒకరోజు బస్సులో నిద్రపోయి క్లాసు పోగొట్టుకున్నా బార్డరే. క్లాసులో పిల్లలు ఆమెకు ముందు బెంచీ వదిలారు. రూబెన్ గురించి అడిగితే ఆమె ఎడారి గాలి, చలి, కాపలా అంటూ గొంతు తగ్గించి చెప్పేది. చెబుతూ చెబుతూ అతని చేతికి తుపాకీ కూడా ఇచ్చింది. ఉషశ్రీ ఒక్కతే బస్సులో అడిగింది.

"అక్కా, మీ ఆయన వాట్సాప్ ఫొటోలో చేతిలో గరిటె ఉందేంది?"

"అది పండగ రోజు తీసింది."

"ఏం పండగ?"

కరుణ కిటికీలోంచి బయటికి చూసింది.

హెర్బేరియం వచ్చింది ఆ తర్వాతే. చుట్టుపక్కల దొరికే ముప్పై రకాల మొక్కలు సేకరించి, పాత పేపర్ల మధ్య అణిచి ఎండబెట్టి, అట్టల మీద అంటించి పేర్లు రాయాలి. కరుణ ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ కేసీ కెనాల్ గట్టు మీద గలిజేరు, చెంచలాకు సంచి నిండా కోసుకొచ్చింది. రేపు పేపర్ల మధ్య అణిచిపెడదామని వంటింట్లో పెట్టి పడుకుంది. మర్నాడు కాలేజీ నుంచి వచ్చేసరికి సంచి ఖాళీగా ఉంది. పొయ్యి మీద పప్పు ఉంది.

"అత్తా, ఆ ఆకు యాడ?"

"పప్పులో ఏసినా. లేతగా ఉండె. మంచి పని చేస్తివి తెచ్చి."

"అది కాలేజీది అత్తా. ఎండబెట్టి సార్‌కు ఇయ్యాల."

ఏసమ్మ పప్పు గిన్నె దించింది. "పప్పులో ఏసుకునే ఆకును ఎండబెట్టి సార్‌కు ఇచ్చేది ఏందీ? దీనికా నువ్వు దినామూ నంద్యాలకు పోతాండావ్?"

కరుణ పప్పన్నం తింది. పప్పు బాగుంది. రెండోసారి పెట్టుకుంది కూడా. హెర్బేరియం గడువు కోసం మర్నాడు మళ్లీ బార్డర్‌ను వాడుకుంది.

అయితే ఈసారి ప్రభుదాసు సార్ ఒక అడుగు ముందుకేశాడు. "మీ ఆయన క్రిస్మస్‌కు వస్తాడన్నావు కదా. డిసెంబరు ఏడు సైనికుల పతాక దినోత్సవం. ఆ లోపల వస్తే మన పిల్లలతో మాట్లాడించాలి. ప్రిన్సిపాల్ గారికి కూడా చెప్పాను" అన్నాడు.

రూబెన్ డిసెంబరు మూడునే దిగాడు. ఆమె అతనికి అంతా చెప్పాల్సి వచ్చింది. అతను వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ విన్నాడు.

"నా చేతికి తుపాకీ ఎవరిచ్చిరి?"

"నేనే."

"ఎప్పుడు?"

"అక్టోబరులో."

"ట్రైనింగులో పట్టుకున్నా అప్పుడెప్పుడో. ఇప్పుడు ఏం చెప్పమంటావ్ ఆడ?"

"ఏం చెప్పొద్దు. దేశం గొప్పది, చలి ఎక్కువ, జై హింద్. అంతే చెప్పి దిగిపో."

"చలి ఎక్కువే" అని అతను ఒప్పుకున్నాడు. మిగతాదాని గురించి ఏమీ అనలేదు. కరుణ దాన్ని ఒప్పుకోలు అనుకుంది.

హాలు నిండింది. ప్రిన్సిపాల్ గారు రూబెన్‌కు శాలువా కప్పి, సరిహద్దులో కంటి మీద కునుకు లేకుండా మనల్ని కాపాడే వీరుడు అన్నారు. రూబెన్ మైకు ముందుకొచ్చి గొంతు సవరించుకున్నాడు.

"నమస్కారం. కునుకు లేని మాట నిజమే సార్, పొద్దున నాలుగుకు లేస్తా. కానీ నేను వంట మనిషిని. నూటెనభై మందికి వండుతా. మా యూనిట్ బార్డర్‌కు శానా దూరం."

మూడో వరుసలో కూర్చున్న కరుణ కుర్చీలోంచి కిందికి జారడం మొదలుపెట్టింది.

అతను ఆపలేదు. నాగాలాండ్ నుంచి వచ్చిన కుర్రాడు మొదటి నెల చపాతీ తినలేక ఏడ్చిన సంగతి చెప్పాడు. ఇసుక గాలి లేస్తే పిండి మీద ఇద్దరు దుప్పటి పట్టుకుని నిలబడతారని చెప్పాడు. ఆదివారం పూట ఉగ్గాని చేస్తే పంజాబు వాళ్లు తడిపిన బొరుగులను చూసి, ఇది తిండా, ఉతికిన గుడ్డలా అని అడిగారట. ఇప్పుడు వాళ్లే శనివారం నుంచి గుర్తు చేస్తారట. ఒక పిల్లాడు లేచి, "అన్నా, మీరెప్పుడూ కాల్పులు చూడలేదా?" అని అడిగాడు.

"ఒకసారి అన్నం మాడింది. ఆ పొద్దు మా సుబేదార్ సాబ్ దగ్గర చూసినా."

హాలంతా పగలబడి నవ్వింది. చప్పట్లు ఆగలేదు. ప్రిన్సిపాల్ గారు కూడా కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అందరూ రూబెన్‌ను చూస్తున్నారు, ప్రభుదాసు సార్ ఒక్కడే కరుణను చూస్తున్నాడు.

అబద్ధం బయటపడ్డందుకు సిగ్గుపడటం ఆమె ఎదురుచూసినదే. కానీ అంతకంటే ముందు, 'వంట మనిషిని' అని అతను అన్న క్షణంలోనే తన తల వంగిపోయిందని ఆమె గమనించింది. తను ఇన్నాళ్లూ దాచింది అసైన్‌మెంట్లు రాయకపోవడాన్ని కాదు, అతని గరిటెను. ఆ గరిటె పట్టుకున్నవాడేమో అక్కడ శాలువా కప్పుకుని దాపరికం లేకుండా నిలబడ్డాడు. పీజీ చదివే తను కుర్చీ కిందికి జారుతోంది.

సార్ బయట వరండాలో ఆపాడు. తిట్లకు సిద్ధపడింది.

"మీ ఆయన మంచివాడమ్మా" అన్నాడు. "హెర్బేరియం ముప్పై షీట్లు సోమవారం నా టేబుల్ మీద ఉండాలి. అసైన్‌మెంట్లు రెండు. సెమినారు బుధవారం."

"సరే సార్."

"మధ్యలో యుద్ధం వచ్చినా సరే."

ఆ వారం రోజులు ఏసమ్మ ఇంట్లో ఎప్పుడూ జరగనివి జరిగాయి. కొడుకు వంటింట్లోకి దిగి వంట చేశాడు. "లీవులో వచ్చినోడితో వండిస్తాండారని వీధిలో ఏమనుకుంటారు?" అని ఏసమ్మ గొణిగింది. నూటెనభై మందికి చేయడం అలవాటైన చేతికి ముగ్గురి కొలత తెలియక, చేసిన సాంబారు ఎదురింటికీ, పక్కింటికీ వెళ్లింది. ఆ తర్వాత వీధిలో ఎవరూ ఏమీ అనుకోలేదు.

మొక్కల కోసం ముగ్గురూ కెనాల్ గట్టుకు వెళ్లారు. కరుణ ఒక్కో మొక్కనూ పీకి, ఫోన్‌లో ఫొటోలతో పోల్చి, గంటలో నాలుగు పేర్లు పట్టింది. అందులో రెండు తప్పు. ఏసమ్మ చీర కుచ్చిళ్లు పైకి దోపి ముందు నడిచింది.

"ఇది ఉత్తరేణి. ఇది తుమ్మి. ఇది పల్లేరు, కాలుకు గుచ్చుకునేది. ఇది నేల ఉసిరి, కామెర్లకు నూరి ఇస్తారు. అది పీకొద్దు, చేతికి దురద."

"ఇన్ని నీకెట్లా తెలుసు అత్తా?"

"నలభై ఏండ్లు కలుపు తీసినా. పేరు తెలియకుంటే దేన్ని తీయాల్నో దేన్ని వదలాల్నో ఎట్లా?"

శాస్త్రీయ నామాలు కరుణ పుస్తకంలో వెతికి రాసింది. స్థానిక నామం అనే గడి మాత్రం ముప్పై షీట్లలోనూ ఏసమ్మే నింపింది. సోమవారం ప్రభుదాసు సార్ షీట్లు ఒక్కొక్కటే తిప్పుతూ మధ్యలో ఆగాడు.

"ఈ పేర్లు ఏ పుస్తకంలోవి? ఇందులో రెండు నాకే తెలియవు."

పుస్తకం పేరు ఒకటి కల్పించడం ఆమెకు క్షణం పని. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"మా అత్త చెప్పింది సార్. కూలికి కలుపు తీస్తాది."

సార్ తల ఊపి, ఆ రెండు పేర్లూ తన డైరీలో రాసుకున్నాడు. ఇరవైకి పదహారు వేశాడు. ఒకటి స్పెల్లింగులకు తగ్గించానన్నాడు, మిగతా మూడూ షీట్ల మీద సాంబారు మరకలకు.

జనవరి రెండోవారంలో రూబెన్ సెలవు అయిపోయింది. మధ్యాహ్నం నంద్యాల స్టేషన్‌లో రైలెక్కించింది. సెమిస్టరు పరీక్షలు దగ్గర పడ్డాయి, వారంగా సరిగా నిద్ర లేదు. అతని ముందు ఏడవకూడదనీ, బస్సులో కిటికీ పక్క కూర్చుని తీరుబడిగా ఏడవాలనీ నిర్ణయించుకుంది. ఆ రోజు ఉషశ్రీ కూడా రాలేదు, ఏడుపుకు అడ్డం లేదు. విచిత్రంగా కిటికీ సీటు కూడా దొరికింది. కూర్చుని, చున్నీ కొంగు కళ్ల దాకా తీసుకెళ్లింది. అంతే, నిద్ర పట్టేసింది.

లేచేసరికి బస్సు ఆగి ఉంది. బయట బోర్డు మీద చాగలమర్రి అని ఉంది. ఆళ్లగడ్డ ఎప్పుడో దాటిపోయింది. ఫోన్ మోగింది.

"యాడుండావ్?" ఏసమ్మ.

"చాగలమర్రిలో అత్తా."

"ఆడేం పని నీకు?"

"నిద్రపోయినా."

"వాడేమో రైల్లోంచి ఫోన్ చేసి, ఏడుస్తాందేమో చూడుమా అని నాకు చెప్తాండాడు" అంది. "బేగా రా. ఉడుకన్నం ఉంది."

కరుణ హైవే పక్కన దిగి, వేడి బజ్జీలు కొనుక్కుని, రాయి మీద కూర్చుని నోట్సు తీసింది. ఈసారి తను రాసుకున్నది తనకు సగందాకా అర్థమైంది. నంద్యాల బస్సు వచ్చేసరికి మూడు పేజీలు అయ్యాయి. బస్సు కిక్కిరిసి ఉంది. ఎక్కి, కండక్టరుకు ఆధార్ కార్డు చూపించింది.

"అన్నా, ఆళ్లగడ్డ వస్తే లేపు. నిద్రపోతానేమో."

కండక్టరు ఆమెనూ, ఆమె పట్టుకున్న కడ్డీనీ చూశాడు. "నిలబడుకొనే నిద్రపోతావా?" అన్నాడు.