నేనుండాను గదరా

గాయపడిన చిరుత పొదలోంచి దూకగానే నంద్యాల వకీలుగారు తుపాకీ పారేసి జీపెక్కేశారు. చిరుత ఎదుట గొడ్డలితో చెంచు ఒక్కడే మిగిలాడు. అది అతని కుడి భుజం చీల్చి, కుంటుకుంటూ అహోబిలం అడవిలోకి పోయింది.

ఇది 1956 నాటి మాట. దెబ్బతిన్న మృగాన్ని వెతికేటప్పుడు కాల్చినవాడే ముందు నడవాలి, దారి చూపేవాడు పక్కన ఉండాలి. వేటలో కట్టుబాటు అది. వకీలుగారు తొందరపడి కాల్చి, చిరుత ముందుకాలు మాత్రం విరగ్గొట్టారు.

"దెబ్బ మీది గద సామీ, మీరే ముందుండాల," అన్నాడు చెంచు, పొదల్లోకి దిగేముందు.

"ఎనక నేనుండాను గదరా, పో."

కోర్టు మెట్ల మీద కక్షిదారులకూ ఆయన ఇదే చెప్పేవారు. జైలుకు పోయినవాళ్ళంతా ఆ మాట నమ్మినవాళ్ళే.

ఆళ్లగడ్డ ఆసుపత్రిలో వాంగ్మూలం రాసుకోవడానికి వెళ్ళిన నాతో ఆయన, "వద్దన్నా ఇనలేదప్పా వీడు, రాసుకో," అన్నారు.

"ఎనకనే ఉన్న్యాడు సామీ," అన్నాడు మంచం మీది చెంచు. "జీపులో ఉన్న్యాడు."

ఆ చెయ్యి మళ్ళీ గొడ్డలి పట్టలేదు. ఏడాది తిరక్కుండా వకీలుగారి గోడ మీద ఒక చిరుత తోలు వెలిసింది. దాని నాలుగు కాళ్ళూ చెక్కుచెదరలేదు. కాలు విరిగిన చిరుత ఏమైందో ఇప్పటికీ తెలియదు.