తాటాకుల మీద రాయని మాటలు

సుకెర్తి తండ్రి వైద్యుడు. బాలిలో ఆ కొండ దిగువ పల్లెలన్నిటికీ కంటి మందుకైనా, దగ్గు మందుకైనా ఆయన ఇల్లే దిక్కు. నలభై రెండు మందులు తాటాకుల మీద రాశాడు. ప్రతి మందులోనూ ఒక్క మాట కావాలనే రాయకుండా వదిలాడు. శిష్యుడు ఇంటికొచ్చి, ఎదురుగా కూర్చుని, నమ్మదగినవాడని తేలాక ఆ మాట చెవిలో చెప్పడం వాళ్ల పద్ధతి.

కూతురికి పదకొండు మందుల మాటలు చెప్పేసరికి ఆయనకు నోరు పడిపోయింది. తక్కినవి ఆయనతోనే పోయాయి. ఆ పదకొండైనా నేర్చుకుంటామని ముప్పై ఏళ్లలో ఒక్కరూ సుకెర్తి ముందు కూర్చోలేదు. అందుకే దెన్‌పసార్ కాలేజీ కుర్రాడు గెడే, నాయనమ్మను పిలిచినట్టు పిలిచి, "దాదోంగ్, ఫోటోలు తీసి నెట్‌లో పెడతాం. లేకపోతే మీ నాన్నగారి చదువంతా పురుగులే చదివేస్తాయి," అన్నప్పుడు ఆమె నవ్వి పెట్టె తెరిచింది. వదిలేసిన మాటల సంగతి అతనికి చెప్పాలని తోచలేదు. ఆ పద్ధతి తెలియనివాళ్లు కూడా తాటాకు చదువుతారన్నది ఆమె ఊహకే అందలేదు.

ఏడాది తిరక్కుండా, పక్క పేటలో ఉండే చిన్ననాటి స్నేహితురాలు లస్మికి పసరు మందు వేసుకుంటే కుడి కన్ను పోయింది.

"ఇటు ఎడమ పక్కకి రావే, అటు కూర్చుంటే కనపడవు," అంది లస్మి, కంటి మీద దూదితో.

"ఎవరు చెప్పారే ఆ మందు?"

"మీ నాన్నే, ఫోన్‌లో. మా ఆడవాళ్ల గుంపులో ఎవరో పంపారు, మనకర్థమయ్యే మాటల్లోకి మార్చి మరీ. పక్కనే ఆయన చేతిరాత. ఇంకేం అనుమానం?"

"పసరు రాత్రంతా కదపకుండా ఉంచి, పైన తేరిన నీరే వెయ్యాలి. ఆ మాట తాటాకు మీద ఉండదే."

లస్మి కంటి మీది దూది సర్దుకుంది.

"గట్టు దాటితే మా ఇల్లేగా. ఒక్కసారి రావచ్చుగా," అంది సుకెర్తి.

"చేతిలో ఉన్నదానికి నిన్నెందుకు కదపడమని. పైగా నువ్వు ఒక మందు చెప్పడానికి మూడు గంటల కబుర్లు చెప్తావు."

ఇద్దరూ నవ్వారు. నవ్వితే నొప్పి పుట్టి లస్మి కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

సంగతి తెలిసి గెడే పరుగున వచ్చాడు.

"తీసేశాను దాదోంగ్. కానీ జనం ఎప్పుడో దించుకున్నారు. ఎన్ని చోట్ల తిరుగుతోందో నాకే తెలీదు. వదిలేసిన మాటలన్నీ చెప్పండి, అవీ పెడదాం."

పదకొండూ చెప్పింది.

"తక్కినవి?"

"ఎక్కడ వదిలాడో కూడా తెలీదు నాయనా. ఆయన అతుకు కనపడనిచ్చే మనిషి కాడు."

ఏ మందైనా వేసేముందు అడగమని గెడే ఆమె నంబరు నెట్‌లో పెట్టాడు. నెల తరవాత పక్క దీవి లొంబోక్ నుంచి ఒక తల్లి ఫోన్ చేసింది. బిడ్డకి దగ్గు, ఇరవై ఏడో మందు నూరి పెట్టుకుంది. అది సుకెర్తికి తెలిసిన పదకొండులో లేదు.

"వెయ్యకమ్మా. ఆసుపత్రికి తీసుకెళ్లు."

"చాలా దూరమండీ. మీ నాన్నగారు గొప్ప వైద్యులటగా. ఆయన మందు పనిచెయ్యదా?"

పనిచేస్తుందంటే ఈ తల్లి ఎలాగూ వేస్తుంది. సుకెర్తి ఫోన్ రెండో చెవికి మార్చుకుంది.

"పనిచెయ్యదమ్మా," అంది. "మా నాన్నకి వైద్యం సరిగా రాదు."