రైస్ కుక్కర్ పడగొట్టిన బిల్డ్

ఆఫీసులో పారేయబోతున్న లాప్‌టాప్‌ను అడిగి తెచ్చుకున్నాను. బ్యాటరీ చచ్చింది, ప్లగ్గు తీస్తే ఆరిపోతుంది. దాని ఆపరేటింగ్ సిస్టమ్‌ను సోర్స్ కోడ్ నుంచి ముక్క ముక్కగా నేనే బిల్డ్ చేసుకుంటానంటే, గల్ఫ్‌లో అల్ ఖూజ్‌లోని మా గదివాళ్ళంతా నవ్వారు.

గది మొత్తానికీ ఒకటే ఎక్స్‌టెన్షన్ బోర్డు. సెలవునాడు బిల్డ్ సగంలో ఉండగా, మా గదిలో ఉండే కర్నూలు అన్న అదే బోర్డుకు బిర్యానీ కోసం రైస్ కుక్కర్ తగిలించాడు. కరెంటు టప్పున పోయింది.

"ఖలాస్! అంతా పాయె. రెడీగా దొరికేది ఏసుకోక నీకెందుకప్పా ఈ కష్టం?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "పోయింది నీ బియ్యమన్నా, నా పని కాదు," అన్నాను.

పోలేదు కూడా. నేను వాడుతున్న కొత్త బిల్డ్ టూల్ పూర్తయిన భాగాలను మళ్ళీ ముట్టుకోదు. కరెంటు వచ్చి లాప్‌టాప్ మళ్ళీ ఆన్ చేయగానే మిగిలినవే అందుకుంది. సగం ఉడికిన బియ్యానికి ఆ సుఖం లేదు. అందరం కెఫెటేరియా పరాటాలతో సరిపెట్టుకున్నాం.

సాయంత్రం సిస్టమ్ లేచింది. నల్లటి తెర, మిణుకుమనే కర్సర్.

"ఇంతేనా?" అన్నాడన్న.

"ఇంతే. కానీ ఎవడో వండి వడ్డించింది కాదు."