పూజలో తిరగేసిన గ్రైండరు

పిండి రుబ్బే గ్రైండర్లు తయారయ్యే ఆవారంపాళయంలో లేత్ మిషను ఉన్న ప్రతివాడూ తనను శాస్త్రవేత్త అనుకుంటాడు. నాచిముత్తు గౌండర్ అనుకోవడంతో ఆగలేదు, వర్క్‌షాపు బోర్డు మీద రాయించాడు కూడా.

ఇరవై ఏళ్లలో పేటెంటు కోసం మూడు దరఖాస్తులు పెట్టాడు. మొదటిది కరెంటూ నూనే లేకుండా ఎప్పటికీ తిరిగే మోటారు. ప్రకృతి నియమాలు ఒప్పుకోవన్నారు పేటెంటు ఆఫీసువాళ్లు. వాటినెవరు అడిగారని విసుక్కున్నాడు. రెండోది అమ్మమ్మ మిరియాల కషాయం. ఊరంతా తాగేదానికి నువ్వెలా సొంతదారుడివన్నారు. మూడోది టార్చిలైటు బిగించిన గొడుగు. రెండు పాత వస్తువుల్ని కలిపి కట్టడం కనిపెట్టడం కాదన్నారు.

కొత్తదై ఉండాలి, ఆ పని తెలిసినవాడికి ఇట్టే తట్టనిదై ఉండాలి, కార్ఖానాలో పనికి రావాలి. పేటెంటు ఏజెంటు శివకామి ఈ మాట ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. తల ఊపడంలో అతను ఎన్నడూ లోటు చేయలేదు.

అలాంటివాడు యాభై ఆరో ఏట నిజంగానే ఒకటి కనిపెట్టాడు. గ్రైండరు ఇరుసు వెంట నీళ్లు దిగి మోటారు కాలిపోవడం అక్కడందరికీ తలనొప్పే. అతను ఇరుసు చుట్టూ మరమేకుకి ఉన్నట్టు చుట్లుచుట్లుగా గాడి కోశాడు. తిరుగుతున్నంతసేపూ ఆ గాడే నీటిని పైకి నెట్టేస్తుంది.

శివకామి కాగితాలు రెండుసార్లు చదివింది. "అన్నా, ఇది నిలబడుతుందండీ. ఎవరికైనా చూపించారా?"

"బయటివాళ్లకి ఒక్కరికీ లేదమ్మా. మనవాళ్లకే."

"మనవాళ్లంటే?"

"మొన్న ఆయుధపూజకి వచ్చినవాళ్లు."

"ఎంతమంది?"

"మూడొందల మరమరాల పొట్లాలు కట్టించాం. చాల్లేదు."

అందరూ మిషనుకి చందనం పూసి ఊరుకుంటారు. ఇతను గ్రైండరు తిరగేసి, గాడి మీదికి బల్బు వేలాడదీసి, వచ్చిన ప్రతివాడికీ అరగంట పాఠం చెప్పాడు. సంచిలోంచి ఆ పూజ ఫోటో పడిన పేపరు ముక్క తీశాడు. ఫోటోలో గాడి చుట్లు లెక్కపెట్టవచ్చు, వంగి చూస్తున్నవాళ్ల మొహాలు గుర్తుపట్టవచ్చు.

"ఇదీ జతచేద్దామా?"

"అది జతచేస్తే మన దరఖాస్తు మనమే కొట్టేసుకున్నట్టు. నలుగురూ చూశాక అది కొత్తది కాదండీ."

"చూపించింది నేనే కదమ్మా."

"ఎవరు చూపించినా అంతే."

"దేవుడి దగ్గర దాపరికమా?"

"దేవుడికి చూపించండి. ఎదురు వర్క్‌షాపు కాళియణ్ణన్‌కి ఎందుకు చూపించారు?"

కాగితాలు మడిచి ఆమె వెనక్కిచ్చేసింది.

మరుసటి ఏడు కాళియణ్ణన్ పూజలో కొత్త గ్రైండర్లు పన్నెండు వరసగా నిలబడ్డాయి, అన్నిట్లోనూ అదే గాడి. మొదటి మరమరాల పొట్లం నాచిముత్తుకే అందింది.

"అంతా అన్నగారి చలవ," అన్నాడు కాళియణ్ణన్.

నాచిముత్తు మొహం మాడ్చుకున్నాడు. ఇంతలో ఎవరో ఆ గాడి ఎలా పనిచేస్తుందని అడిగారు. పొట్లం చంకన పెట్టుకుని, గ్రైండరు తిరగేసి, అరగంట చెప్పాడు.