ఎర్రగుడ్డలోని మాటల పుస్తకం

మా ముత్తాత గద్వాల సంస్థానపు కచేరీలో దఫ్తరు చూశారు. ఆయన వస్తుంటే అరుగుల మీద కూర్చున్నవారు లేచి నిలబడేవారట. మా తాత గోపాల్‌పేట చుట్టుపట్ల ఊళ్లకు పట్వారీ. కాగితాలు ఉర్దూలో, రైతులతో మాట తెలుగులో. ఆ రెంటి మధ్య బతికిన మనిషి గనుక ఆయనకొక అలవాటు పట్టుకుంది. పొంతన లేని రెండు భాషల్లో ఒకే పలుకుకు వేరు వేరు అర్థాలుంటే దాన్ని ఒక పుస్తకంలో రాసుకునేవారు. కన్నడం మాటలు రాయనిచ్చేవారు కాదు. "అది మన చుట్టం. చుట్టాల పోలికలు కలిస్తే వింతేముంది?" అనేవారు.

దసరా నాడు ఆ పుస్తకాన్ని ఎర్రగుడ్డలో చుట్టి, జమ్మి ఆకుతో పాటు పూజలో పెట్టడం మా ఇంటి ఆచారం. ఇంటికి పెద్దవాడు ముడి విప్పి, ఆ ఏడు దొరికిన ఒక్క మాట రాయాలి. తాత తర్వాత నాన్న రాశారు. నాన్న తర్వాత ఆ వంతు నాది.

పంపకాల్లో వనపర్తి ఇల్లు తమ్ముడికి వెళ్లింది. పుస్తకం ఉన్న టేకు పెట్టె కూడా వెళ్లింది. పుస్తకమైనా ఇమ్మని నేను అడగలేదు. మా ఇంట్లో పెద్దవాడు చిన్నవాడి ముందు చెయ్యి చాపడు. నాగర్‌కర్నూల్‌లో అద్దె ఇంట్లో, వాడు పిలిస్తే పోదామని కూర్చున్నాను. వాడు పిలవలేదు. అందుకని దసరా పొద్దున ఫోన్ చేసి మాట చెప్పేవాడిని. నా బదులు వాడు రాయాలి.

మొదటి ఏడు 'ఆట' చెప్పాను. మనకు ఆడేది, ఉర్దూలో గోధుమపిండి.

"వదినె పిండి తెమ్మన్నదేమో అనుకున్న అన్నా," అని నవ్వాడు.

"నవ్వుడు తర్వాత. రాసినవా?"

"రాసిన. ముత్యాల్లెక్క రాసిన."

మరుసటి ఏడు 'రాయి'. మనకు బండ, ఉర్దూలో ఆవాలు. ఆ పై ఏడు 'మీ'. మనం ఎదుటివారిదని చెప్పే మాట, ఇంగ్లీషులో 'నన్ను'. "అబ్బ, గిది తాతకు గూడ దొరకలె అన్నా," అన్నాడు తమ్ముడు. ఆ మెప్పుకు చాలా రోజులు సంబరపడ్డాను.

మొన్న దసరాకు పట్టుదల విడిచాను. నాలుగో మాట నా చేత్తో రాయాలనిపించింది. 'కాలి': మనకు పాదానిది, ఉర్దూలో నల్లది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కలం జేబులో పెట్టుకుని వనపర్తి బస్సెక్కాను.

పూజలో ఎర్రగుడ్డ మూట ఉంది. జమ్మి ఆకు ఉంది. దండం పెట్టి ముడి మీద చెయ్యి వేశాను.

"ఉండనియ్యి అన్నా, ముందుగాల తిందాం," అన్నాడు తమ్ముడు. మరదలు వంటింట్లోకి వెళ్లిపోయింది.

విప్పాను. లోపల పాత పంచాంగం.

"తమ్మీ, పుస్తకమేది?"

"పెట్టెతోని పొయ్యింది."

"మరి నేను ఫోన్ల చెప్పినయి?"

"ఏడ రాయాలె? నువ్వు గంత మురుస్తుంటివి, చెప్ప బుద్ధి గాలె. అయినా ఒక్కనాడన్న వచ్చి సూస్తివా?"

పంచాంగాన్ని మళ్లీ గుడ్డలో చుట్టి, ముడి వేసి, తినకుండానే బస్టాండుకు నడిచాను.

టేకు పెట్టె, అందులోని పుస్తకం, తాత ఇత్తడి సిరాబుడ్డి నేను 'ఆట' చెప్పిన ఏడాదికి ముందే గద్వాలలో పాత సామాన్లు కొనేవాడికి అమ్ముడుపోయాయి.