బతికున్న పిల్లకు శోకాలు

ఆ రోజుల్లో నాకు సినిమా అంటే తెర మీద కనిపించే మనుషులే. వాళ్ళను ఒకరు నిలబెట్టి ఏడవమంటారనీ, ఏడుపు చాలకపోతే మళ్ళీ ఏడిపిస్తారనీ తెలియదు. ఆ రోజుల్లో అంటే నా చిన్నతనం అనుకునేరు. అందరికీ కుర్రతనంలో దొరికే మొదటి ఉద్యోగం నాకు యాభై దాటాక, దేశం దాటి వచ్చాక, ఎడిసన్‌లో దొరికింది. మా చెల్లెలు అక్కడ పార్టీలకు వంటలు చేసి పంపే పని పెట్టుకుని, తోడుగా నన్ను రప్పించుకుంది. (ఉద్యోగమంటే పులిహోర కలపడం, వ్యాన్‌లోంచి ట్రేలు దించడం. అయినా ఉద్యోగం ఉద్యోగమే.) అప్పటికి నాకు తెలుగు అక్షరమూ రాదు, ఇంగ్లీషు అక్షరమూ రాదు.

ఆ వేసవిలో ఒక పిల్లల సినిమా పండగకు భోజనాలు మాకు ఒప్పజెప్పారు. నైజీరియా, ఘనా, కెన్యాల నుంచి వచ్చి ఆ చుట్టుపక్కల స్థిరపడిన కుటుంబాల పిల్లలకు సినిమా తీయడం నేర్పి, వాళ్ళు తీసినవి చివరి రోజు సాయంత్రం పెద్ద తెర మీద వేస్తారట. "అక్కా, ఆడ షూటింగ్ జరుగుతా ఉంటది. నువ్వు నోరు తెరవమాక. ట్రేలు పెట్టెయ్, ప్లేట్లు తీసెయ్, వచ్చెయ్" అని మా చెల్లెలు మరీమరీ చెప్పింది. అంత జాగ్రత్త అక్కర్లేదనుకున్నాను. ఆ పిల్లలూ మన పిల్లల్లాగే నన్ను తొలిరోజే ఆంటీ అనేశారు. వాళ్ళ దేశాల్లోనూ పెద్దవాళ్ళంతా ఆంటీలూ అంకుళ్ళేనట. అందులో ఒక బుగ్గల పిల్ల నా పులిహోరకు పడిపోయింది. "పులిహోర, ఆంటీ! మోర్!" అంటూ వెనకాలే తిరిగేది.

చివరి రోజు పొద్దున, తలనిండా సన్నని జడలు వేసుకున్న పద్నాలుగేళ్ళ పిల్ల పళ్ళెం ముట్టలేదు. ఏమైందని మైకు కర్ర పట్టుకునే అమ్మాయినడిగాను. ఆ అమ్మాయిది వరంగల్, ఇక్కడ మాస్టర్స్ చేస్తోంది. "ఆమె సినిమాల ఒక్క సీన్ మిగిలిందాంటీ. హాలు పన్నెండు దాకనే మనది. ఆ సీనేమో వస్తలేదు. అది లేకుంటే సాయంత్రం ఆమె సినిమా ఎయ్యరు. వాళ్ళమ్మ లీవ్ పెట్టుకొని మరీ వస్తాంది" అంది. ఏం సీనో అడగాలని నాకు తోచలేదు. డాన్సు కుదరడం లేదేమో అనుకున్నాను.

పన్నెండవుతుండగా పులిహోర ట్రే, దాని మీద గరిటె పెట్టుకుని హాలు దగ్గరికి వెళ్ళాను. తలుపు మీద ఎర్ర అక్షరాలతో ఏదో కాగితం అంటించి ఉంది. నాకు అన్ని కాగితాలూ ఒకటే. తుంటితో తలుపు తోశాను. లోపల చీకటి. నడుమ చాప మీద, తెల్లగుడ్డ కప్పిన మనిషి. తల దగ్గర కొవ్వొత్తి. చుట్టూ నల్లబట్టల పిల్లలు నోళ్ళకు చేతులు అడ్డం పెట్టుకుని భుజాలు కదిలిపోతూ ఉన్నారు. (నవ్వాపుకుంటున్నారని తర్వాత తెలిసింది.) కెమెరా అంటే భుజాన మోసేంత ఉంటుందనుకునేదాన్ని. అక్కడున్నది పుల్లకు తగిలించిన ఫోను. గుడ్డలోంచి పాలిపోయిన ముఖం కనిపించింది. బుగ్గల పిల్ల!

మా వైపు చావింటికి వెళితే గుమ్మంలోనే గొంతెత్తాలి. లోపలికెళ్ళి కూర్చున్నాక ఏడిస్తే అది లెక్కలోకి రాదు. ట్రే ఎక్కడ పెట్టానో తెలియదు, గరిటె మాత్రం చేతిలోనే ఉంది. "ఓ నా తల్లో! పొద్దున నవ్వుతా ఎదురొచ్చావే, ఇంతలోనే ఎల్లిపోయావా తల్లో! ఇంకాస్త పులిహోర అడిగితే మజ్జానం పెడతానంటినే, పాపిష్టిదాన్ని! ఇంక ఎవరికి పెట్టేది పులిహోర, నా బంగారు బుగ్గలో!" అంటూ ఆమె పక్కన కూలబడి గుండెలు బాదుకున్నాను.

శవం ఒక కన్ను తెరిచింది. "పులిహోర?" అంది.

నేను వెనక్కి పడ్డాను. వరంగల్ అమ్మాయి పరుగెత్తుకొచ్చి, "ఆంటీ! గది షూటింగ్! బతికే ఉన్నది!" అంది. "బతికున్న పిల్లకు తెల్లగుడ్డ కప్పుతారటే? మీకు పెద్దోళ్ళు లేరా?" అని దులిపేశాను. బతికున్నదానికి శోకాలు పెట్టడం ఎంత అరిష్టం! భోజనాలకని తెచ్చిన ఉప్పు పొట్లాలు గబగబా చింపి పిల్లకు దిష్టి తీశాను. ఫోను దానిపాటికది తీస్తూనే ఉంది. వెనకాల నిలబడ్డ జడల పిల్ల మాత్రం ధారగా ఏడుస్తోంది.

అప్పుడు తెలిసింది. ఆ పిల్ల అమ్మమ్మ ఘనాలో పోయిందట. కాగితాలు సరిగా లేక వాళ్ళమ్మ వెళ్ళలేకపోయింది. తల్లి చూడలేకపోయిన ఆ సాగనంపడం పిల్ల తీసి చూపించాలనుకుంది. "ఆడ గూడ గట్లనే గొంతెత్తి ఏడుస్తరట ఆంటీ. ఈడ పెరిగిన పిల్లలకేమో నవ్వొస్తాంది" అంది వరంగల్ అమ్మాయి. జడల పిల్ల కళ్ళు తుడుచుకుని, "వన్ మోర్ టైమ్, ఆంటీ?" అనడిగింది. నాకు మతి పోయింది. ఇంకోసారా! నా ఉద్యోగం పోయినా సరే, బతికున్న పిల్లకు రెండోసారి ఏడవనన్నాను.

సాయంత్రం ట్రేలు తీసుకెళ్ళడానికి మా చెల్లెలు కూడా వచ్చింది. దీపాలార్పి జడల పిల్ల సినిమా వేశారు. ఇంతలో తెర మీద, గోడంత మనిషి ప్రత్యక్షమైంది. చీర ఎగదోపుకుని, చేతిలో గరిటెతో, నోరు గుహలా తెరుచుకుని. నేనే! మా చెల్లెలు నా మోచెయ్యి గిచ్చి, "నోరు తెరవమాకన్నానా లేదా?" అంది. బల్ల కింద దూరిపోదామనుకున్నాను. కానీ నవ్వు వినిపించలేదు. ముందు వరసలో ఒకావిడ లేచి నిలబడింది. జడల పిల్ల తల్లి. వాళ్ళ భాషలో గొంతెత్తింది. ఒక్క ముక్క అర్థం కాలేదు, ఒక్క ముక్క వదలకుండా తెలిసింది. గొంతెత్తిన మనిషిని ఒంటరిగా వదిలేయడం మా వైపు తప్పు. ప్లేట్లు చెల్లెలి చేతిలో పెట్టి, వెళ్ళి ఆవిడ భుజం పట్టుకున్నాను. ఆ రోజు రెండోసారి ఏడ్చాను. ఈసారి అరిష్టమేమీ లేదు, ఏడవాల్సిన మనిషికే ఏడ్చాను.

ఆ చలికాలమే లైబ్రరీలో చదువు మొదలుపెట్టాను. ఇప్పుడు తలుపు మీద ఏ కాగితం ఉన్నా ఆగి, కూడబలుక్కుని చదువుతాను. లోపలికి రావద్దని ఉంటే బుద్ధిగా బయటే నిలబడతాను. అలా నిలబడ్డప్పుడల్లా, తుంటితో తలుపు తోసుకుని గరిటెతో సహా లోపలికి వెళ్ళిపోయిన ఆ మనిషి గుర్తొచ్చి నవ్వొస్తుంది. పాపం, ఆవిడకు అక్షరం ముక్క రాదు.