సరోజినిగారి ఇడ్లీ పిండి, కౌన్సిల్ తనిఖీ

న్యూజిలాండ్‌లో కొత్త ఆహార చట్టం అమల్లోకి వచ్చిన మరుసటి ఏడాది, వెల్లింగ్టన్‌కు రెండు గంటల దూరంలో ఉన్న ఒక చిన్న ఊరి కౌన్సిల్లో ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ ఆఫీసరుగా చేరాను. పేరు పెద్దదే గాని, ఆ శాఖకు అధికారినీ నేనే, సిబ్బందినీ నేనే. హోటళ్ళు, బేకరీలు, శనివారం సంతలో తినుబండారాల బండ్లు, పక్కింటివాళ్ళ పాటల హోరు మీద వచ్చే ఫిర్యాదులు, అన్నీ నా బల్ల మీదికే వచ్చేవి. కౌన్సిల్ అనగానే మనవాళ్ళకు మేయరు, ఎన్నికలు గుర్తొస్తాయి. నిజానికి కౌన్సిల్ పనంటే చెత్త బండి వేళకు రావడం, కుళాయి నీళ్ళు తాగేలా ఉండడం, బయట తిన్నవాళ్ళెవరూ మంచాన పడకపోవడం.

ఆ ఊళ్ళో తెలుగు కుటుంబాలు రెండే. ఒకటి మాది, రెండోది ఒంగోలు నుంచి వచ్చిన సరోజినిగారిది. ఆవిడ భర్త పనిచేసే కలప మిల్లు మూతపడడంతో, ఆవిడ మెయిన్ రోడ్డులో ఖాళీగా ఉన్న దుకాణం అద్దెకు తీసుకుని ఇడ్లీ, దోసె, కాఫీ అమ్మడం మొదలుపెట్టారు. ఆ ఇల్లు గడవడానికి అప్పటికి అదొక్కటే ఆధారం.

తిండి దుకాణం పెట్టినవాళ్ళు కౌన్సిల్లో రిజిస్టరు చేసుకోవాలి. తర్వాత అధికారి వెళ్ళి తనిఖీ చేయాలి. మేము మొదట చూసేది ఉష్ణోగ్రత. త్వరగా చెడిపోయే పదార్థం ఫ్రిజ్‌లో చల్లగానైనా ఉండాలి, పొగలు కక్కే వేడిగానైనా ఉండాలి. రెంటికీ మధ్య గోరువెచ్చగా గంటల తరబడి ఉంచకూడదు. ఇడ్లీ పిండికి ఆ గోరువెచ్చదనమే ప్రాణం. ఈ దేశపు చలిలో పిండి పులవడానికి మన ఆడవాళ్ళు కనిపెట్టిన ఉపాయం, వేడినీళ్ళ ట్యాంకు ఉండే అలమర. తువ్వాళ్ళు వెచ్చగా ఉండడానికి కట్టిన అలమరలో మనవాళ్ళు పిండి గిన్నె పెడతారు. మా ఇంట్లోనూ అంతే. సరోజినిగారి దుకాణం వెనక గదిలోనూ అలాంటి అలమరే ఉంది.

ఆవిడ మా ఆవిడకు స్నేహితురాలు, మా ఇంట్లో చనువుగా తిరిగే మనిషి. దగ్గరివాళ్ళ వ్యవహారం వస్తే అధికారి ముందే చెప్పి తప్పుకోవాలన్నది కౌన్సిల్ నియమం. మా మేనేజరు బ్రూస్‌కు ఆ మాటే చెప్పాను. ఈ ఊళ్ళో అందరూ అందరికీ తెలిసినవాళ్ళే, అలా అయితే ఒక్క పనీ సాగదని ఆయన నవ్వాడు. పరిచయం వేరు, ఇంట్లో కూర్చుని భోంచేసే చనువు వేరు అన్నాను. చివరికి పక్క జిల్లా కౌన్సిల్ నుంచి హెలెన్ అనే అధికారిని అడిగి తెప్పించారు.

ఆ సాయంత్రమే సరోజినిగారు మా ఇంటికి వచ్చారు.

"అదేంటన్నయ్యగారూ, మీరుండగా ఎవరో రావడమేంటి? ఆవిడకి ఇడ్లీ అంటే ఏం తెలుస్తదండీ? మీరొచ్చి చూసి సంతకం పెడితే అయిపోయేదిగా!"

మా ఆవిడ కూడా నావైపు అదే ప్రశ్నతో చూసింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. తప్పుకున్నవాడు చాటుగా సలహా ఇస్తే తప్పుకోనట్టే కాబట్టి, హెలెన్‌కు ఏం చెప్పాలో కూడా నేను చెప్పకూడదన్నాను. "సరేలెండి" అని ఆవిడ కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. నాకు బాధా వేసింది, కోపమూ వచ్చింది.

భయపడ్డట్టే జరిగింది. హెలెన్ అలమర తెరిచి, పొంగిన పిండిలో థర్మామీటరు పెట్టి చూసింది. ఆ పిండి పారబోయమంది, సురక్షితమని చూపించేదాకా ఇడ్లీ, దోసె అమ్మవద్దంది. ఇడ్లీ లేని దుకాణంలో ఒట్టి కాఫీ ఎవరు తాగుతారు? అద్దె కట్టడం కోసం ఆవిడ భర్త తెల్లవారుజామునే ఒక పాల ఫారంలో పనికి వెళ్ళసాగాడు. జన్మలో ఆవు పొదుగు ముట్టని మనిషి ఆయన.

దారి కనిపెట్టింది సరోజినిగారే. ఎదురుగా ఉన్న బేకరీలో పుల్లరొట్టె పిండి రాత్రంతా బయటే ఉంటుందని ఆవిడకు తెలుసు. హెలెన్‌కు ఫోన్ చేసి, బేకరీ ఆయన పిండి బయటుంటే రొట్టె, నా పిండి బయటుంటే రోగమా అని నిలదీశారట. హెలెన్ న్యాయం తెలిసిన మనిషి, ఆలోచించింది. రెండు పిండ్లూ పులిసేవే, పులుపు పెరిగితే చెడ్డ క్రిములు బతకవు. కాకపోతే బేకరీ ఆయన ఆ పులుపును కొలిచి చూపిస్తాడు. సరోజినిగారినీ అలాగే చేయమంది. పులిసిన పిండిని పులుపు కొలిచే కాగితపు పట్టీతో పరీక్షించాలి, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి. ఒక నమూనా ల్యాబ్‌కు వెళ్ళింది. అనుమతి రావడానికి వారాలు పట్టింది.

ఆ శీతాకాలం ఊళ్ళో చాలామందికి వాంతులు పట్టుకున్నాయి. ఒక పెద్దమనిషి కౌన్సిల్ సమావేశానికి వచ్చి, జనం మాట్లాడడానికి ఇచ్చే సమయంలో లేచి, ఇండియన్ షాపును ఇండియన్ ఆఫీసరే పాస్ చేసి ఉంటాడన్నాడు. బ్రూస్ లేచి, తనిఖీ చేసింది పక్క జిల్లా అధికారి అనీ, ల్యాబ్ ఫలితం కూడా ఉందనీ చెప్పాడు. ఆ మాట అక్కడితో ఆగింది. తర్వాత తేలిందేమంటే, అది స్కూలు పిల్లల నుంచి ఇంటింటికీ అంటుకున్న వైరస్. ఆ రోజు సంతకం నాదై ఉంటే, నిజం తేలేలోపే దుకాణం మూతపడేది.

సరోజినిగారు మళ్ళీ మా ఇంటికి రాలేదు. దుకాణానికి వెళితే మర్యాదగానే పలకరిస్తారు గాని, నన్ను సార్ అంటారు.

నేను తప్పుకోవడం సరైనదే, ఇప్పుడైనా అదే చేస్తాను. కాని నా నిజాయితీకి ఖర్చు పెట్టుకున్నది ఆ దంపతులు. ఇడ్లీ అమ్మకం ఆగిపోయిన ఆ వారాల్లో కూడా నా జీతం నాకు వచ్చింది. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నంతకాలం, ఏ వ్యవహారం నుంచి తప్పుకున్నా, నా బదులు ఎవరొస్తారని మాత్రమే అడిగి ఊరుకోలేదు. ఆ పని తేలేదాకా ఆ ఇంట్లోవాళ్ళు ఎలా బతుకుతారని కూడా అడిగేవాణ్ణి.